తెప్పకు వేసిన అతుకు ఎందుకు ఊడుతోంది?

సంపాదకులకు,

2018లో తిత్లీ, 2023లో మిచాంగ్. ఏ తుపాను వచ్చినా మర్నాడు పగిలిన ఫైబర్ తెప్పల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. వాటిలో చాలావాటికి కొత్త తెప్ప అక్కర్లేదు. రాళ్ల కట్టకు కొట్టుకుని అడుగు వెడల్పున చిల్లు పడినా, పక్క తెప్ప మీద పడి అంచు చీలినా ఒడ్డునే బాగుచేసుకోవచ్చు. కానీ వేసిన అతుకు కొన్ని నెలలకే పెచ్చులా లేచొస్తోంది. గాజు పోగులను పట్టించే జిగురు, అదే రెసిన్, కల్తీదంటూ అందరూ దుకాణం మీద పడుతున్నారు. మేం చూసినంతలో తప్పు ఎక్కువగా తడిది, ఆ తర్వాత గ్రైండర్ పట్టడానికి బద్ధకించినవాళ్లది.

పగులు దగ్గర బయటపడ్డ గాజు పోగులు దీపం వత్తిలా నీళ్లు పీలుస్తాయి. నీరు ఆరినా ఉప్పు మిగులుతుంది, గాలిలోని తేమను మళ్లీ లాగుతుంది. అందుకే ముందు మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే ఎండబెట్టాలి. ఆరిందో లేదో చూడటం తేలిక. పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపు వేసి అంటించి ఒక పూట ఎండలో ఉంచండి. లోపల చెమట పట్టిందంటే ఇంకా పని మొదలుపెట్టకూడదు. పరిహారం రాసేవాళ్లు వచ్చేదాకా తెప్పను ముట్టుకోకూడదన్న భయంతో చాలామంది పగులును వానలోనే వదిలేస్తున్నారు. ఫొటో తీసి, చిల్లు కొలతలు రాసుకుని, కడిగి ఆరబెట్టుకోవచ్చని అధికారులు మొదటిరోజే చాటింపు వేయిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

చిల్లు ఎంత కనిపిస్తే దెబ్బ అంతే అనుకోవద్దు. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టంగుమంటుంది, పొరలు విడిన చోట డబ్‌మంటుంది. డబ్‌మన్నదంతా కోసేయాల్సిందే. మోటారు బిగించే వెనక పలకలో ప్లైవుడ్ ఉంటే లోపలి వైపు నుంచి 6 మి.మీ. రంధ్రం వేసి చూడండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే పైన ఎన్ని పొరలు వేసినా వృథా.

ఇక అసలు పని ఏటవాలు, అంటే చిల్లు అంచును వాలుగా చెక్కడం. పాత గోడ మీద కొత్త పాలిస్టర్ రెసిన్ రసాయనంగా కలిసిపోదు, గరుకును పట్టుకుని నిలుస్తుంది, అంతే. రంగు మీదే మ్యాట్ (పొట్టి గాజు పోగుల పరుపు) అంటిస్తే అది రంగుతో పాటే ఊడుతుంది. మందానికి 12 రెట్ల వెడల్పున అంచును చెక్కాలి. గోడ 6 మి.మీ. ఉంటే చుట్టూ 7 సెం.మీ. పైచిలుకు. 40 నంబరు డిస్కుతో చెక్కి, దుమ్ము దులిపి, ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. కిరోసిన్, పెట్రోలు వద్దు, జిడ్డు మిగులుతుంది. గాజు దుమ్ముకు ముఖానికి కట్టుకునే తువ్వాలు చాలదు, మంచి మాస్కు కావాలి.

లోపలి నుంచి సన్‌మైకా ముక్కకు మైనం పాలిష్ పట్టించి, చిల్లుకు అడ్డంగా బిగించి బయటి నుంచి పొరలు వేయాలి. లోపలికి చెయ్యి దూరకపోతే రెండు పొరల పలుచని ఫైబర్ పలక ముందే చేసుకుని, తీగ కట్టి చిల్లులోంచి దూర్చి, వెనక్కి లాగి అంటించాలి. అక్కడ థర్మకోల్ దిమ్మలుంటే జాగ్రత్త. రెసిన్‌లోని స్టైరీన్ తగిలితే థర్మకోల్ కరిగిపోయి వెనక బోలు మిగులుతుంది.

అడుగు చదరం చిల్లు, 6 మి.మీ. గోడ అనుకుంటే చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ నాలుగు పొరలు, మధ్య మధ్య 600 గ్రాములు తూగే రోవింగ్ (నేసిన గాజు బట్ట) మూడు పొరలు చాలు. పాత గోడకు తగిలే మొదటి పొర మ్యాటే కావాలి, రోవింగ్ అంత గట్టిగా పట్టదు. మ్యాట్‌కు దాని బరువుకు రెండున్నర రెట్లు, రోవింగ్‌కు సమానంగా రెసిన్ పడుతుంది. అన్నీ కలిపి కిలో లోపే, వృథాతో కిలోంబావు తెచ్చుకోండి. కొంచెం ఖరీదైనా ఐసో (ఐసోఫ్తాలిక్) రకం రెసిన్ మేలు, మామూలు జీపీ (జనరల్ పర్పస్) రకం కన్నా నీటికి బాగా ఆగుతుంది.

రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్‌ను మూతతో, కంటి అంచనాతో పోయడం మానాలి. పది మి.లీ. సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది. సాధారణంగా కిలో రెసిన్‌కు 10 మి.లీ. మొదలు. సీసా మీది పాళ్లు చూసి, 100 గ్రాములకు 1 మి.లీ. చొప్పున కప్పులో ఒకసారి పరీక్షించండి. త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్ పోయాలి. ఆ రెండూ నేరుగా ఒకదానికొకటి తగిలితే భగ్గుమంటాయి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడిగి, ఆసుపత్రికి పరుగెత్తాలి.

బ్రష్‌తో రుద్దితే పోగులు లేస్తాయి, పొడిచినట్టు అద్దాలి. తెల్లమచ్చ కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్టే. ఒక్కసారిగా మూడు పొరలు దాటొద్దు, వేడెక్కి పొగలొస్తుంది, లోపల చిట్లుతుంది. పైన జెల్‌కోట్ (రెసిన్ పైపూత) వేసి ప్లాస్టిక్ షీటు కప్పాలి, గాలి తగిలితే జిగట పోదు. కారు పుట్టీ నీటిగీత కింద వద్దేవద్దు, నీరు తాగి ఉబ్బుతుంది. ఎంసీల్‌ను తిట్టడం లేదు. నడిసముద్రంలో గట్టు చేరేదాకా అది దేవుడే. గట్టుకొచ్చాక గీకి తీసేయండి.

తుపాను నెలల్లో గాలి తడి ఆరనివ్వకపోతే అప్పటికి తాత్కాలిక అతుకుతో గడుపుకుని, అసలు పనిని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలో పెట్టుకోవచ్చు. ఆ ఎండల్లో రెసిన్ చేతిలోనే గట్టిపడుతుంది కాబట్టి పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందే నీడలో పావుకిలో చొప్పున కలుపుకోండి.

ఇట్లు,
ఫైబర్ తెప్పల మరమ్మతు పనివాళ్లు,
ఉప్పాడ తీరం