కారు కిందకి దూరే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశా. ఈసారి ఆయిల్ నువ్వే మార్చుకుంటా, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు కూడా నువ్వే వేసుకుంటా అన్నావు కదా, నిజంగా సంతోషం వేసింది. తప్పకుండా చెయ్యి. కానీ మధ్యలో "జాకీ డిక్కీలోనే ఉందిగా" అని ఒక మాట రాశావు చూడు, దాని కోసమే ఇంత ఉత్తరం, కాస్త ఓపిగ్గా చదువు.

డిక్కీలో ఉన్న జాకీ స్టెప్నీ మార్చుకోడానికి ఇచ్చింది రా. బండిని కాసేపు ఎత్తి, టైర్ మార్చి, దించెయ్యడం, అంతే దాని పని. అడుగు ఇంతే ఉంటుంది, మొత్తం బరువు ఒక్క స్క్రూ మీద నిలబడుతుంది, నువ్వు పక్క నుంచి గట్టి నట్టు లాగితే చాలు ఒరిగిపోతుంది. పోనీ చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ కొంటానంటావేమో, కొను, ఎత్తడానికి చాలా సుఖం, కానీ అందులో బరువు మోసేది లోపలున్న ఆయిల్, ఆ ఆయిల్‌ని బయటికి రాకుండా పట్టి ఉంచేది రబ్బరు సీళ్ళు, అవి ఎప్పుడు లీకవుతాయో ఎవడూ చెప్పలేడు. అందుకే ఏ జాకీ అయినా ఎత్తడం వరకే, మొయ్యడానికి జాకీ స్టాండ్లు, అంటే ఎత్తిన బండి కింద పెట్టే ఇనుప కాళ్ళ పీటల్లాంటివి, ఉండాలి. బండి స్టాండ్ల మీద కూర్చునే దాకా నీ తల గానీ కాలు గానీ కింద ఉండటానికి వీల్లేదు. జత స్టాండ్లు తీసుకో, రెండు టన్నులవి అంటే నీ చిన్న కారుకి ధారాళంగా సరిపోతాయి. ఇటుకలు, సిమెంట్ బ్లాకులు మాత్రం పెట్టకు, అవి గోడలో వరసగా ఉన్నప్పుడే గట్టి, ఒక్క చోట బరువు పడితే పగిలిపోతాయి, పగిలేటప్పుడు మెల్లగా పగలవు.

ఇక చోటు. మీ వాకిట్లో షాబాద్ బండలున్నాయి కదా, అక్కడ వద్దు. బండ కింద మట్టి ఎక్కడైనా కుంగి డొల్లగా ఉంటే స్టాండ్ కాలు కింద అది విరుగుతుంది. రోడ్డు మీద కూడా వద్దు, మే నెల ఎండకి తారు మెత్తబడి స్టాండ్ కాళ్ళు దిగిపోతాయి. గేటు ముందు ర్యాంపు అసలే వద్దు. మీ షెడ్డులో సిమెంట్ గచ్చు సమంగానే ఉంది, అక్కడే చెయ్యి, స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకుంటే ఇంకా మంచిది.

చక్రాలకి అడ్డు పెట్టడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లారీ డ్రైవర్ బండి ఆపితే ముందు టైర్ కింద రాయి పెడతాడు చూడు, మనం కార్లవాళ్ళం హ్యాండ్ బ్రేక్ ఉందిగా అని వదిలేస్తాం. నీ కారుకి హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక రెండూ పైకి లేపావంటే అది ఉన్నా లేనట్టే. గేర్లో పెట్టా కదా అంటావు, ముందు చక్రం ఒక్కటి లేపినప్పుడు ఆ గేరు కూడా పనికిరాదు, ఎందుకంటే నీ కారుకి ఇంజను తిప్పేది ముందు చక్రాలనే, వాటి మధ్య రెండిటినీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక వల్ల నేల మీదున్న చక్రం ముందుకి దొర్లితే గాల్లో ఉన్నది వెనక్కి తిరిగేసి ఊరుకుంటుంది, ఇంజను ఆపలేదు. కాబట్టి హ్యాండ్ బ్రేక్ వెయ్యి, గేర్లో పెట్టు, నేల మీదుండే చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు కూడా పెట్టు.

టైర్ నట్లు బండి నేల మీదున్నప్పుడే కొంచెం వదులు చేసుకో, గాల్లో పెట్టి స్పానర్ మీద వేలాడకు.

జాకీ ఎక్కడ పెట్టాలో చూడ్డానికి టార్చ్ వేసి కారు తలుపు గుమ్మం కింద చూడు. తలుపు కింద రేకు అంచు ఒకటి నిలువుగా దిగి ఉంటుంది, ముందు చక్రం వెనకాల ఆ అంచుకి రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి, ఆ రెండు గాట్ల మధ్యే జాకీ గాడి కూర్చోవాలి. అటు ఇటు జరిగితే రేకు మడత పడుతుంది. ట్రాలీ జాకీ అయితే ముందు వైపు ఎక్కడ పెట్టాలో కారు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అక్కడ ఎత్తి, స్టాండ్లు ఈ గాట్ల దగ్గర పెట్టు, పైన రబ్బర్ ప్యాడ్ వేసి. ఆయిల్ సంప్, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దాని కింద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జాకీ పెట్టకు. ఎత్తేటప్పుడు ట్రాలీ జాకీ చక్రాలు కొంచెం దొర్లుతాయి, దొర్లనివ్వు, వాటికి అడ్డేమీ పెట్టకు.

స్టాండ్ల మీదకి మెల్లగా దించాక, కిందకి దూరే ముందు, బయట నిలబడి బండిని చేత్తో గట్టిగా ఊపి చూడు. కదిలేదైతే నువ్వు బయటున్నప్పుడే కదలాలి. విప్పిన చక్రాన్ని గుమ్మం కిందకి పడుకోబెట్టి తోసెయ్, ఏదన్నా తేడా వచ్చినా ఆ చక్రం మీద ఆగుతుంది. జాకీని కూడా తీసెయ్యకు, బరువు పడకుండా తగిలీ తగలనట్టు ఉంచు. బండి పైకి లేచి ఉండగా ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. పిల్లల్ని తలుపు తీసి సీట్లో ఎక్కనివ్వకు, వాళ్ళకి అదో ఆట, వదినకి ముందే చెప్పి పెట్టు. ఒంటరిగా చెయ్యకు, పిలిస్తే పలికే మనిషి ఒకరుండాలి.

అయ్యాక నట్లు ఎదురెదురువి చొప్పున బిగించి, బండి దించాక మళ్ళీ గట్టిగా బిగించు, ఓ వంద కిలోమీటర్లలోపు ఇంకోసారి చెక్ చెయ్యి.

ఒట్టి ఆయిల్ మార్చడానికే అయితే ముందు చక్రాలు ఎక్కించే ర్యాంపుల జత కొన్నా చాలు, జాకీ గొడవే ఉండదు, నాకైతే అదే నయమనిపిస్తుంది. ప్యాడ్లకి మాత్రం స్టాండ్లు తప్పవు. స్టాండ్లు వచ్చే దాకా మొదలుపెట్టకు, వచ్చాక ఫోన్ చెయ్యి, ఆదివారం అయితే నేనే వస్తా, మొదటిసారి ఇద్దరం కలిసి చేద్దాం.