పసుపు గుర్తు కనిపిస్తే బోర్డు పోయినట్టేనా?

సంపాదకులకు,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినప్పటి నుంచి, మా టెక్కలిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇంటి కంప్యూటర్లను ఫార్మాట్ కొట్టించి విండోస్ మళ్ళీ వేయించుకునేవారు ఎక్కువయ్యారు. ఇంటికి తెచ్చి ఆన్ చేశాక నెట్ రావడం లేదనో, వైఫై గుర్తే కనిపించడం లేదనో మళ్ళీ షాపుకు వెళితే, కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు పోయింది, మార్చాలి అన్న మాట వినవలసి వస్తోంది. నేను దగ్గరుండి చూసిన సందర్భాల్లో ఆ మాట నిజం కాలేదు. పరికరం పోలేదు, దానితో మాట్లాడటానికి కావలసిన డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ లేక విండోస్ దానిని గుర్తించలేదు, అంతే. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియక, చేతికి అంది వచ్చిన సొమ్ము కొత్త బోర్డులకూ కొత్త ల్యాప్‌టాప్‌లకూ పోస్తున్న కుటుంబాల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఈ తేడా తెలిసింది తిత్లీ తుఫాను తర్వాత. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో, కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కరెంటు వచ్చాక మా అమ్మాయి చదువుకోసం 2014లో కొన్న కంప్యూటర్ ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ టకటకమని శబ్దం చేసి ఆగిపోయింది. ఆ సీపీయూ డబ్బాను తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకుని, బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళాను. అక్కడి షాపులో కొత్త డిస్క్ బిగించి, విండోస్ 7 వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే నెట్ లేదు. మళ్ళీ తీసుకెళితే, ‘హై వోల్టేజీకి ల్యాన్ పోర్టు కాలిపోయింది మాస్టారూ, బోర్డు మార్చాలి, నాలుగు వేలవుతుంది’ అన్నారు. తుఫాను చూసిన కళ్ళు కనుక, కాలిపోయిందంటే నేనూ నమ్మాను.

అయితే ఒక్క విషయం నన్ను వదలలేదు. నెట్ వైరు గుచ్చినప్పుడల్లా ఆ పోర్టు పక్కనున్న చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కాలిపోయిన పోర్టుకు దీపం ఎలా వెలుగుతుంది? ఆ రాత్రి మా అమ్మాయి ఫోనులో చెబుతుండగా, కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ అనే విండోస్ తెరను తెరిచాను. అందులో ‘అదర్ డివైసెస్’ అన్న శీర్షిక కింద ఈథర్నెట్ కంట్రోలర్ (నెట్ వైరును నడిపే చిప్పు) అన్న పేరు, దాని మీద పసుపు త్రిభుజంలో ఆశ్చర్యార్థకం కనిపించాయి. ‘ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళు నాన్నా, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అని ఉంటుంది, అది చదివి చెప్పు’ అంది. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివి, కేలండర్ కాగితం వెనుక రాసుకున్నాను: పీసీఐ, వెన్ 10ఈసీ, డెవ్ 8168, చివర రెవ్ 0సీ. అది విన్న పది నిమిషాల్లో మా అమ్మాయి ఆ చిప్పు రియల్‌టెక్ సంస్థదని తేల్చి, సరైన డ్రైవర్ ఫైలు నా ఫోనుకు పంపింది. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫైలును దించి వేస్తే, పసుపు గుర్తు పోయి నెట్ వచ్చింది. బోర్డుకు పైసా ఖర్చు కాలేదు.

ఆ అంకెల అర్థం ఏమిటో తర్వాత నేను కూర్చుని నేర్చుకున్నాను. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన వాడిని కనుక, ఇది చెప్పేటప్పుడు కాస్త ఎక్కువ చెప్పినా మన్నించండి. కంప్యూటర్ బోర్డు మీద పీసీఐ పద్ధతిలో కలిసే ప్రతి చిప్పులోనూ దాని తయారీదారు సంఖ్య (వెన్), దాని సొంత సంఖ్య (డెవ్) పొందుపరిచి ఉంటాయి. ఒక్కొక్కటి పదహారు బిట్ల సంఖ్య, అంటే 65,536 విలువల్లో ఒకటి. దానిని పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో నాలుగు స్థానాల్లో రాస్తారు కనుకే అంకెల మధ్య ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వస్తాయి. తయారీదారు సంఖ్యలను పీసీఐ సిగ్ అనే పరిశ్రమ సంఘం కేటాయిస్తుంది. 10ఈసీ అంటే రియల్‌టెక్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏఎండీ గ్రాఫిక్స్. ఇంటెల్ సంఖ్య 8086. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా అదే. అదే హార్డ్‌వేర్ ఐడీలో ‘సబ్‌సిస్’ అన్న మాట తర్వాత వచ్చే ఎనిమిది స్థానాల్లో చివరి నాలుగు బోర్డు ఎవరు చేశారో చెబుతాయి: 1043 అయితే ఆసుస్, 1458 అయితే గిగాబైట్. యూఎస్‌బీ పరికరాలకైతే వెన్, డెవ్ బదులు విడ్, పిడ్ అని ఉంటాయి. డబ్బా విప్పకుండానే, కొన్ననాటి రసీదు లేకుండానే, ఎవరినీ ఊహించమని అడగకుండానే పరికరం తన ఇంటిపేరూ పేరూ తానే చెబుతోందన్నమాట.

మరి విండోస్ దానిని ఎందుకు గుర్తించలేదు అని అడిగితే, జవాబు తేదీల్లోనే ఉంది. విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబర్‌లో. మా బోర్డు 2014 నాటిది. 8168 అన్న సంఖ్య పాతదే అయినా, రెవ్ 0సీ అన్నది ఆ చిప్పుకు తర్వాత వచ్చిన కూర్పు. తన తర్వాత పుట్టినదానిని ఆ పాత విండోస్ ఎరిగే అవకాశం లేదు. మొదట కొన్నప్పుడు బోర్డుతో వచ్చిన సీడీలోంచి ఎవరో డ్రైవర్ వేశారు కనుక నాలుగేళ్ళు నడిచింది. డిస్క్ మారడంతో ఆ డ్రైవర్ కూడా పోయింది. తుఫానుకూ ల్యాన్ పోర్టుకూ సంబంధమే లేదు.

ఆ రాత్రి డివైస్ మేనేజర్ జాబితాలో మరి రెండు పసుపు గుర్తులు కూడా ఉన్నాయి. పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అన్న పేరు చూసి పాత టెలిఫోన్ మోడెమ్ అనుకునేవారున్నారు. వెన్ 8086 అని ఉంటే చాలామట్టుకు అది బోర్డులోనే ఉండే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే నిర్వహణ భాగం. ఎస్‌ఎం బస్ కంట్రోలర్ అని ఉంటే చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే ప్రధాన చిప్పులు) డ్రైవర్ వేయలేదని అర్థం. ల్యాప్‌టాప్‌లలో బేస్ సిస్టమ్ డివైస్ అని వస్తే అది తరచుగా మెమరీ కార్డు పెట్టే రంధ్రం, నెట్‌వర్క్ కంట్రోలర్ అని వస్తే వైఫై. ఇవి విండోస్ పెట్టుకునే తాత్కాలిక పేర్లు, అసలు పేరు దొరికేదాకా.

ఇంతకన్నా బాధ కలిగించిన ఉదంతం ఈ మధ్యనే విజయనగరంలో జరిగింది. అక్కడ పోటీ పరీక్షలకు చదువుతున్న మా చెల్లెలి కొడుకు, 2021లో కొన్న ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఫార్మాట్‌కు ఇచ్చాడు. సాయంత్రానికి ఫోను చేసి, ‘మావయ్యా, లోపలి ఎస్‌ఎస్‌డీ డిస్కు పోయిందంట, కొత్తది వేయాలంటున్నారు’ అన్నాడు. పొద్దున్న ఇచ్చేటప్పుడు ఆన్ అయిందా అని అడిగాను. అయిందన్నాడు. మరి మధ్యాహ్నానికి ఎలా పోయింది? విండోస్ వేసేటప్పుడు ఏ డిస్కులో వేయాలో అడిగే తెర వస్తుంది, అక్కడ జాబితా ఖాళీగా ఉందట. అది చూసి డిస్కు లేదని నిర్ణయించేశారు. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు నేరుగా కాక వీఎండీ అనే కంట్రోలర్ వెనుక ఉంటుంది. ఆ కంట్రోలర్‌కు కావలసిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ విండోస్ పెన్ డ్రైవ్‌లో లేకపోతే, లోపల నిక్షేపంలా ఉన్న డిస్కు కూడా తెర మీద కనిపించదు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు మీది మోడల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ డ్రైవర్ దించుకుని, విప్పిన ఫోల్డరును అదే పెన్ డ్రైవ్‌లో పెట్టి, ఆ తెర మీదే ఉండే లోడ్ డ్రైవర్ మీట నొక్కమని చెప్పాను. డిస్కు కనిపించింది. అయితే అప్పటికే కొత్త ఎస్‌ఎస్‌డీకి అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. రెండు నెలల గది అద్దెలోంచి తీసిన డబ్బు అది.

పరికరాలు నిజంగా చెడిపోవని నేను అనడం లేదు. డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే కనిపించే కోడ్ చూడాలి. కోడ్ 28 అంటే డ్రైవర్ వేయలేదని మాత్రమే. కోడ్ 52 అంటే డ్రైవర్ మీద ఉండవలసిన డిజిటల్ సంతకం సరిపోలేదని. కోడ్ 10 వస్తే పరికరం మొదలు కాలేకపోతోందని, అది డ్రైవర్ దోషమైనా కావచ్చు, పరికరం దోషమైనా కావచ్చు. కోడ్ 43 వస్తే పరికరమే తనలో సమస్య ఉందని తెలిపిందని, అప్పుడు అనుమానించడంలో తప్పులేదు. అసలు పూర్తిగా కాలిపోయిన చిప్పు సాధారణంగా జాబితాలోకే రాదు. తన సంఖ్య చెప్పగలుగుతోందంటే కనీసం పలకడానికైనా ప్రాణం ఉందని అర్థం. ఇంకా సందేహం ఉంటే విండోస్ బదులు వాడే లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఉన్న పెన్ డ్రైవ్‌తో, డిస్కును ముట్టకుండా, కంప్యూటర్‌ను ఒకసారి నడిపించి చూడవచ్చు. అందులో నెట్ వస్తే, శబ్దం వస్తే, బోర్డు మీద నింద పడదు. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది.

డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందన్న విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అన్ని డ్రైవర్లనూ ఒకే దెబ్బతో వేస్తామనే ప్యాక్‌లు, డ్రైవర్ అప్‌డేట్ చేస్తామని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు షాపుల్లోనూ ఇళ్ళలోనూ బాగా అలవాటయ్యాయి. డ్రైవర్ అనేది మామూలు ప్రోగ్రామ్ వంటిది కాదు, విండోస్ గుండెకాయలో కూర్చుని పనిచేస్తుంది. ఎవరు తయారుచేశారో తెలియని దానిని అక్కడికి పంపడం, ఊరూ పేరూ తెలియని మనిషికి ఇంటి తాళాల గుత్తి ఇవ్వడమే. అందులోనూ సంతకం లేని డ్రైవర్ ఎక్కడం కోసం ఆ తనిఖీనే ఆపేసి ఇస్తున్న కంప్యూటర్లను నేను చూశాను. ఆ కంప్యూటర్లలోనే పింఛనుదారులు బ్యాంకు ఖాతాలు తెరుస్తున్నారు. ముందు కంప్యూటర్ లేదా బోర్డు తయారీదారు వెబ్‌సైట్, అక్కడ లేకపోతే చిప్పు తయారీదారు వెబ్‌సైట్, అదీ కాకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో పైన చెప్పిన సంఖ్యతోనే వెతకడం, ఈ దారి దాటి పోవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

రిపేరు షాపులవారిని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. రోజుకు పది డబ్బాలు బల్ల మీద ఉంటాయి, ఒక్కొక్క దానికి వచ్చేది కొద్దిపాటి కూలి, తొందరలో బోర్డు పోయిందనడం తేలిక. అయినా వారిని కొన్ని విషయాలు అడిగే హక్కు మనకుంది. ఫార్మాట్ కొట్టేముందు విండోస్ ఫోల్డరులో డ్రైవర్లు దాచి ఉండే డ్రైవర్‌స్టోర్‌ను రెండో పార్టిషన్‌లోకో, కొనుగోలుదారు పెన్ డ్రైవ్‌లోకో కాపీ చేయాలి. విండోస్ 10, 11లలో పీఎన్‌పీ యుటిల్ అనే సాధనం వేసి ఉన్న అదనపు డ్రైవర్లన్నింటినీ ఒక్క ఆదేశంతో బయటకు తీసి ఇస్తుంది, దానికి ప్రత్యేకించి ఏదీ కొనక్కరలేదు. భాగం పోయిందని చెప్పినప్పుడు ఆ తెర మీది సంఖ్యనూ కోడ్‌నూ మనకు చూపించాలి. కంప్యూటర్ బిగించి అమ్మేవారు రసీదు మీద ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, బోర్డు మోడల్ పూర్తి పేరు రాయాలి. మన జిల్లాల్లోని ప్రభుత్వ ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ హార్డ్‌వేర్ నేర్పే పిల్లలకు స్క్రూడ్రైవర్ పట్టడంతో పాటు ఈ సంఖ్యలు చదవడం కూడా నేర్పితే, వారు పెట్టే షాపుల్లో ఈ పద్ధతి దానంతట అదే వస్తుంది.

మీ పత్రిక నుంచి నేను కోరేది ఒక్కటే. జిల్లా పేజీలో వారానికి ఒకసారి పాతిక వరుసల చోటు ఈ విషయానికి ఇవ్వండి. పాఠకులు తమ తెర మీద కనిపించిన సంఖ్యను కార్డు మీద రాసి పంపితే, అది ఏ పరికరమో, డ్రైవర్ ఎవరి దగ్గర దొరుకుతుందో తెలుగులో జవాబు రాసే పని నేను ప్రతిఫలం లేకుండా చేస్తాను. నాకు తెలియని సంఖ్య వస్తే మా అమ్మాయి సాయం చేస్తానంది. ఆ పాత కంప్యూటర్ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. దాని డబ్బా పక్క రేకు లోపలివైపు ఆనాటి కేలండర్ కాగితం అంటించి ఉంచాను, రేపు దానిని ఎవరు విప్పినా ముందు ఆ సంఖ్యలు కనబడాలని.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.