వెనక బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందా?

సంపాదకులకు,

ఏప్రిల్ 2న ఆటిజం దినమని అధికారులు నీలి బెలూన్లు పట్టుకున్న ఫొటో మీ పత్రికలో చూసి వారం దాటింది. రాయాలా వద్దా అనుకుంటుండగానే నిన్న మా మనుమడు బడి నుంచి తడిసిన లాగుతో ఇంటికొచ్చాడు. ఇక ఉండబట్టలేదు.

వాడికి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. సొంతంగా మాట్లాడడు, విన్నదే తిరిగి అంటాడు. 'నీళ్లు కావాలా?' అంటే 'నీళ్లు కావాలా' అనే అంటాడు. వెక్కిరిస్తున్నాడని మేడం గోడ దగ్గర నిలబెట్టింది. వాడు నీళ్లు అడిగే తీరే అదని ఆమెకు ఎవరు చెప్పారు? 31 ఏళ్లు పంతులుగా చేసిన నాకే ఎవరూ చెప్పలేదు.

కావలసినదాని బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి అడగడం ఇంట్లో మా కోడలు వాడికి నేర్పింది. 1985లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. మొదట్లో ఇద్దరం కూర్చునేవాళ్లం. నేను వాడి వెనక ఉండి, నోరు మెదపకుండా, వాడి చేతిని కార్డు దాకా నడిపించేవాణ్ణి. కార్డు తన చేతిలో పడగానే కోడలు పల్లిపట్టీ ఇచ్చేది. ఆలస్యం చేయకూడదు, 'ఏం కావాలి చెప్పు' అని సతాయించకూడదు. మూడు నెలలకు వాడే కార్డు వెతుక్కుని, వంటింట్లో ఉన్న మనిషి దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం.

అదే కార్డుల పట్టీ బడికి పంపితే, మిగతా పిల్లలు దాంతో ఆడుకుంటున్నారని బీరువాలో పెట్టారు. బాత్రూం బొమ్మ బీరువాలో ఉంటే వాడు ఎట్లా అడగాలి?

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. మాట రానివాళ్లకు ఇతర పద్ధతుల్లో చెప్పుకునే వీలు కల్పించాలని 17వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మా బడికి ఆ టీచరు వచ్చేది వారానికి ఒక్కరోజు. అదీ కాంట్రాక్టు ఉద్యోగం. మిగతా ఐదు రోజులు వాడు నోరు కట్టేసుకోవాలా? వాడి వైకల్య ధ్రువపత్రం కోసం నాలుగుసార్లు తిరిగితే, ప్రతిసారీ 'నీ పేరేంటి?' అని వాణ్ణే అడిగారు. మాట రాదనే కదా సార్, మేం అక్కడికి వెళ్లింది!

జూన్‌లో బడులు తెరిచేలోగా తరగతి టీచర్లకు ఈ కార్డుల పని చేసి చూపించండి. వాడి పక్కన కూర్చునే పిల్లకు అది ఇప్పటికే వచ్చు. మొన్న నీళ్ల బొమ్మ చూసి తన సీసానే ఇచ్చిందట. ముందు ఆ పట్టీ బీరువాలోంచి తీసి వాడికి ఇవ్వండి.

— ఒక తాత, హనుమకొండ