ప్రేమవిందులో పంక్తిభేదం

సంపాదకులకు నమస్కారం.

మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా, కొండల మీది గిరిజనుల సవర మాటలు మూడూ ఒకే సంతలో వినిపిస్తాయి. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల ఇళ్లలో, గోడ మీది క్యాలెండరులో తరచుగా కనిపించే వాక్యం ‘దేవుడు పక్షపాతి కాడు’ అన్నది. ఆ మాట పుట్టిన సందర్భాన్ని మనం మరచిపోయామన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

బైబిలులోని అపొస్తలుల కార్యముల 10వ అధ్యాయంలో, యేసు శిష్యుడైన పేతురు ఆ మాట అన్నది కైసరయలో, కొర్నేలి అనే రోమా శతాధిపతి ఇంట్లో. అంతకుముందు ఆయన యొప్పేలో బస చేసినది సీమోను అనే చర్మకారుని ఇల్లు. చచ్చిన పశువుల తోళ్లతో పని కనుక యూదులు ఆ వృత్తిని చిన్నచూపు చూసేవారు. అక్కడే మేడమీద ప్రార్థనలో ఉండగా పేతురుకు, దేవుడు పవిత్రం చేసినదాన్ని అపవిత్రమనవద్దన్న దర్శనం కలిగింది. దాని అర్థం ఇంకా తేలకముందే కొర్నేలి పంపిన ముగ్గురు మనుషులు గుమ్మం ముందు నిలబడితే, వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చాడు. మరునాడు వారితో బయలుదేరి, ఆ మరుసటి రోజు కైసరయ చేరినప్పుడు కొర్నేలి ఎదురువచ్చి పాదాల మీద పడితే, లేవనెత్తి ‘నేను కూడా మనిషినే’ అన్నాడు. ప్రతి జనంలోనూ దేవునికి భయపడి నీతిగా నడుచుకొనేవానిని ఆయన అంగీకరిస్తాడన్న ప్రకటన వీటన్నిటి తరువాత, పరుల గడప దాటిన మనిషి నోట వచ్చింది.

పేతురు యెరూషలేముకు తిరిగి వెళ్లినప్పుడు అక్కడి విశ్వాసులు ఆక్షేపించినది అన్యులకు, అంటే యూదులు కానివారికి, బోధించినందుకు కాదు. సున్నతి లేనివారి దగ్గరికి వెళ్లి వారితో కలిసి భోజనం చేసినందుకు! తరువాత అంతియొకయలో ఆ పేతురే, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే, అన్యజనుల భోజనపంక్తి నుంచి వెనక్కి తగ్గితే మరో అపొస్తలుడైన పౌలు ముఖాముఖిగా ఎదిరించాడని గలతీయుల పత్రిక చెబుతుంది. దేవుని నిష్పక్షపాతం అన్న బోధ మొదటి తరంలోనే పరీక్షకు నిలిచిన చోటు భోజనాల వరుస. మన భాషలో దీనికి ఏనాటినుంచో ఒక మాట ఉంది: పంక్తిభేదం.

మా ప్రాంతంలోని ఒక సంఘంలో కిందటి కోతపండుగకు కొండల మీదనుంచి సవర కుటుంబాలు చీకటితోనే బయలుదేరి నడిచి వచ్చాయి. ఒక ముసలామె కొంగుముడి విప్పి, గుప్పెడు కందులు, నాలుగు పసుపుకొమ్ములు వేదిక ముందు పరచిన గుడ్డ మీద ఉంచి, చాలాసేపు తల వంచుకొని నిలబడింది. ఆరాధన ముగిశాక ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం. మొదటి బంతిలో తెలుగు, ఒడియా కుటుంబాలు కూర్చున్నాయి, రెండో బంతిలోనూ వారే. కొండవారిని చింతచెట్టు కింద ఆగమన్నారు. వారి వంతు వచ్చేసరికి కూర అయిపోయింది. అన్నం, పప్పు మాత్రమే మిగిలాయి. మేమందరం తిన్న అడ్డాకు విస్తళ్లు వారు కుట్టి తెచ్చినవే. వడ్డించినవారిలో నేనూ ఉన్నాను, ఆ ముసలామె విస్తట్లో పప్పు పోసినది నేనే, ‘కూర లేదమ్మా’ అని చెప్పినదీ నేనే. ఆమె ఏమీ అనలేదు. సంవత్సరం కావస్తున్నా అది నా మనసును వదలలేదు.

ఎవరి భాషలో వారు ఆరాధించుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు, అది అవసరం కూడా. సవర భాష నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణాన్ని వెలువరించి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిన గిడుగు వెంకట రామమూర్తి గారు పనిచేసిన ఊరిది. ఆయన క్రైస్తవుడు కాడు. ఆ సంగతి మనం ప్రత్యేకంగా తలచుకోవాలి. భాష వేరైతే పాట వేరవుతుంది గాని, బంతి వేరు కానక్కరలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. కార్యాలయంలో దరఖాస్తు ఒడియాలో రాయలేక వరుసలో వెనక్కి జరగవలసి వచ్చినప్పుడు కలిగే చిన్నతనం మనలో చాలామందికి అనుభవమే. ఆ చిన్నతనం తెలిసిన మనమే, మనకంటె బలహీనమైన భాషవారిని చెట్టుకింద నిలబెట్టాము. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో, అంటే రోజూ భోజనం పంచడంలో, చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు వారిని ఓర్చుకోమని చెప్పలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే వడ్డించే గరిటె అన్యాయం జరిగిన పక్షం చేతికే ఇచ్చారన్నమాట.

మా వైపు సంఘాల పెద్దలను నేను కోరేది కూడా ఇదే. కోతపండుగకు ఇంకా వ్యవధి ఉంది. వంట, వడ్డన చూసే బృందంలో సవర కుటుంబాలనుంచి కనీసం సగం మందిని ఇప్పుడే పేర్లతో నిర్ణయించండి. అందరినీ కలిపి ఒకే బంతిలో కూర్చోబెట్టండి. చోటు చాలకపోతే, ఊళ్లో ఇళ్లున్న మేము రెండో బంతికి ఆగుతాము.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా