గోల్స్ పక్కన మ్యాచ్‌ల సంఖ్య కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచకప్ ఫుట్‌బాల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల క్రీడా పుటల్లో అత్యధిక గోల్స్ చేసిన వారి పట్టిక ఒకటి కనిపిస్తుంది. అందులో సాధారణంగా ఆటగాడి పేరు, దేశం, గోల్స్ సంఖ్య మాత్రమే ఉంటాయి. 2022 ఖతార్ పోటీలు ముగిసేనాటి లెక్క ప్రకారం జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజె 16, బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో 15, పశ్చిమ జర్మనీకి ఆడిన గెర్డ్ ముల్లర్ 14 గోల్స్‌తో ముందుంటారు. వారి తరువాత ఫ్రాన్స్‌కు చెందిన జస్ట్ ఫోంటైన్, అర్జెంటీనాకు చెందిన లియొనెల్ మెస్సీ చెరి 13 గోల్స్‌తో సమానంగా నిలుస్తారు. ఈ అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. అయినా ఆ పట్టిక చదివిన పాఠకుడికి కలిగే అభిప్రాయం సరైనది కాదన్నదే నా అభ్యంతరం.

సమానంగా నిలిచిన ఆ ఇద్దరినే చూడండి. మెస్సీ చేసిన 13 గోల్స్ 2006 నుంచి 2022 వరకు అయిదు ప్రపంచకప్‌లలో, 26 మ్యాచ్‌లలో వచ్చాయి. ఫోంటైన్ చేసిన 13 గోల్స్ 1958లో స్వీడన్‌లో జరిగిన ఒకే ఒక్క టోర్నీలో, ఆరు మ్యాచ్‌లలో వచ్చాయి. పరాగ్వేపై మూడు, యుగోస్లావియాపై రెండు, స్కాట్లాండ్‌పై ఒకటి, ఉత్తర ఐర్లాండ్‌పై రెండు, సెమీఫైనల్లో బ్రెజిల్‌పై ఒకటి, మూడో స్థానం కోసం పశ్చిమ జర్మనీతో జరిగిన మ్యాచ్‌లో నాలుగు: ఆయన గోల్ చేయని మ్యాచ్ అంటూ లేదు. ఆ చివరి మ్యాచ్‌లో ఫ్రాన్స్‌కు దొరికిన పెనాల్టీని (గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుగా ఉండగా కొట్టే అవకాశాన్ని) గోల్‌గా మలిచింది కూడా ఆయన కాదు, సహచరుడు రేమండ్ కోపా. 1962 పోటీలకు ఫ్రాన్స్ అర్హత సాధించలేదు. కాలి ఎముక విరిగిన ఫోంటైన్ ముప్పై ఏళ్లు నిండకముందే ఆట మానుకోవలసి వచ్చింది. అందువల్ల ఆయనకు రెండో ప్రపంచకప్ అనేదే లేకపోయింది.

హంగరీకి చెందిన షాండోర్ కోచిష్‌కు జరిగే అన్యాయం ఇంతకంటే ఎక్కువ. 1954లో ఆయన అయిదే మ్యాచ్‌లలో 11 గోల్స్ చేశాడు. ఫైనల్లో గోల్ దక్కకపోయినా, అంతకుముందు ఆడిన నాలుగు మ్యాచ్‌లలో దక్షిణ కొరియాపై మూడు, పశ్చిమ జర్మనీపై నాలుగు, బ్రెజిల్, ఉరుగ్వేలపై రెండేసి సాధించాడు. 1956 నాటి తిరుగుబాటు తరువాత స్వదేశానికి తిరిగి వెళ్లని ఆయనకు మరో ప్రపంచకప్ ఆడే అవకాశమే రాలేదు. అయిదు పేర్లతో సరిపెట్టే పట్టికలో ఆయనకు చోటే దొరకదు. కాస్త పెద్ద పట్టికలో దొరికినా, ఆ 11 అయిదు మ్యాచ్‌లలో వచ్చాయని చదివేవారికి తెలిసే దారి లేదు.

ఇలా అంటున్నంత మాత్రాన క్లోజెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2002లో అయిదు, 2006లో అయిదు, 2010లో నాలుగు, 2014లో రెండు చొప్పున పన్నెండేళ్లపాటు గోల్స్ చేస్తూ ఉండగలగడం దానికదే గొప్ప విషయం. 2002లో ఆయన చేసిన అయిదూ తలతో కొట్టినవే. మొత్తం 16లో పెనాల్టీ ఒక్కటీ లేదు. మెస్సీ 2022లో చేసిన ఏడు గోల్స్‌లో నాలుగు పెనాల్టీలని గుర్తు చేసుకుంటే, ఈ వివరానికి కూడా పట్టికలో చోటు దక్కవలసిందేనని అర్థమవుతుంది.

అలాగని మొత్తం గోల్స్‌ను మ్యాచ్‌ల సంఖ్యతో భాగించి, వచ్చిన సగటును బట్టి కొత్త వరుస కట్టమని నేను కోరడం లేదు, ఎందుకంటే అదీ మరో రకంగా పక్కదారి పట్టిస్తుంది. 1954లో 26 మ్యాచ్‌లలో 140 గోల్స్ నమోదు కాగా, 2022లో 64 మ్యాచ్‌లలో 172 మాత్రమే వచ్చాయి, అంటే మ్యాచ్‌కు సగటు 5.38 నుంచి 2.69కి, సరిగ్గా సగానికి పడిపోయింది. రక్షణ శ్రేణి ఇంత పకడ్బందీగా ఆడే రోజుల్లో మెస్సీ గానీ, 2022 నాటికి 14 మ్యాచ్‌లలో 12 గోల్స్ చేసిన ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే గానీ సాధించిన దాన్ని కోచిష్ కాలపు కొలబద్దతో కొలవలేము. పైగా 48 జట్ల పద్ధతిలో ఫైనల్ చేరిన జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లు ఆడే వీలుంటుంది. కాబట్టి గోల్స్ పక్కన మ్యాచ్‌లు, టోర్నీలు, పెనాల్టీల సంఖ్య వేసి, ఎవరు మిన్న అనేది పాఠకుడికే వదిలేయడం మేలు. మ్యాచ్ సమంగా ముగిసినప్పుడు విజేతను తేల్చే షూటౌట్‌లో కొట్టినవి ఈ లెక్కలోకి రావని అడుగున ఒక్క వాక్యం రాస్తే, 2022 ఫైనల్లో ఎంబాపే గోల్స్ మూడా, నాలుగా అన్న సందేహం కూడా తీరుతుంది.

దేశం తరఫున చేసిన మొత్తం గోల్స్‌ను, ప్రపంచకప్‌లో చేసిన గోల్స్‌ను కలగలిపి రాసే అలవాటు కూడా పోవాలి. ఇరాన్ ఆటగాడు అలీ దాయీ దేశానికి వందకు పైగా గోల్స్ అందించాడు. ప్రపంచకప్‌లో ఆయన ఖాతాలో ఒక్కటీ లేదు. 2022 వరకు అయిదు ప్రపంచకప్‌లలోనూ గోల్ చేసిన పోర్చుగల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో అక్కడ చేసినవి మొత్తం ఎనిమిది, వాటిలో ఒక్కటీ ఓడిన జట్టు నిష్క్రమించే నాకౌట్ దశలో కాదు.

చివరిగా, శీర్షిక సంగతి. ‘ప్రపంచకప్ చరిత్రలో అత్యధిక గోల్స్’ అని పెట్టి, కింద క్లోజె పేరు మొదట వేయడం వాస్తవానికి విరుద్ధం. బ్రెజిల్ క్రీడాకారిణి మార్తా 2003 నుంచి 2019 వరకు వరుసగా అయిదు మహిళల ప్రపంచకప్‌లలో గోల్స్ చేసి మొత్తం 17 సాధించింది. 2023 పోటీలను కలుపుకున్నా ఆమె ఆడినవి 23 మ్యాచ్‌లు, క్లోజె ఆడినవి 24. అయిదు ప్రపంచకప్‌లలో గోల్ చేసిన ఘనత ఆమెకు దక్కిన మూడేళ్లకు గానీ క్రిస్టియానో రొనాల్డో దాన్ని అందుకోలేదు. అమెరికాకు చెందిన మిషెల్ ఏకర్స్ 1991లో, మ్యాచ్‌కు 80 నిమిషాలే ఆడించిన మొదటి మహిళల ప్రపంచకప్‌లో, ఆరు మ్యాచ్‌లలో 10 గోల్స్ చేసింది. రెండు పట్టికలకూ చోటు ఉంటే రెండూ వేయండి. చోటు లేని రోజున, ఉన్న పట్టిక శీర్షికకు ముందు ‘పురుషుల’ అన్న మాట చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు