రోగిని పక్కకు తిప్పే పని ఏ రిజిస్టరులో ఉంది? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అనంతపురంలో ఉంటాను. రాయలసీమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు ఐసీయూలోనే గడిచాయి. ఏ ఆసుపత్రో రాయను. అక్కడ ఇప్పుడు డ్యూటీలో ఉన్న పిల్లలకు నా ఉత్తరం వల్ల మెమోలు రాకూడదు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఎనిమిది పడకలు, ఇద్దరు నర్సులం. కళ్యాణదుర్గం వైపు నుంచి న్యుమోనియాతో వచ్చిన డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ ఐదో పడక మీద ఉంది. వెంటిలేటర్ తీసి రెండు రోజులైంది. కాగితం మీద చూస్తే ఆ గదిలో అందరికన్నా తేలికైన కేసు ఆమెదే. రాత్రి రెండు దాటాక ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబు లాగేసుకుంది. మళ్లీ వేశాం. ఆ వెంటనే సెలైన్ ఎక్కించడానికి చేతి నరానికి పెట్టిన కాన్యులా పీకేసింది. ఆ వయసులో చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, టేపు తీస్తే దానితో పాటే ఊడి వస్తుంది. కొత్త నరం దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె కళ్లద్దాలు బయట వరండాలో పడుకున్న కొడుకు సంచిలో ఉండిపోయాయి. మా ముఖాలు ఆమెకు ఆనడం లేదు. "పాపా, ఆ దీపం ఆర్పు. తెల్లవారితే శనక్కాయ పీకాలి" అంది.

ఐసీయూలో దీపం ఆర్పరు. మంచం అంచున కూర్చుని చేయి పట్టుకున్నాను. ఏ చేను, ఎన్ని ఎకరాలు, ఈసారి కాయ బాగా పట్టిందా అని అడుగుతూ ఉంటే పావుగంటకు సర్దుకుంది. ఆ పావుగంటా మూడో పడక దగ్గర మందు ఎక్కించే పంపు అలారం కొట్టుకుంటూనే ఉంది. నాతో ఉన్న అమ్మాయి ఏడో పడక దగ్గర రోగి గొంతులోని కఫం యంత్రంతో లాగుతోంది (సక్షన్), వదిలి రాలేదు. తెల్లవారాక చార్టులో నేను రాసింది ఒకటే వాక్యం: "రోగి అశాంతిగా ఉన్నారు, ట్యూబు తిరిగి వేయడమైనది."

నా బాధంతా ఆ వాక్యంతోనే. దాదాపు గంట పట్టిన పని ఆ ఒక్క వరుసలో మాయమైపోయింది. అలా మాయమైన గంటలు ఎవరి లెక్కలోకీ రావు కనుక, పోస్టులు మంజూరు చేసేవారికి మా దగ్గర పని తక్కువగానే కనిపిస్తుంది.

వైద్యులకు ఒక కొలత ఉంది. రోగి పరిస్థితి ఎంత విషమమో చెప్పే అపాచీ–2 స్కోరు 1985 నుంచి వాడుకలో ఉంది. అందులో వయసుకూ మార్కులున్నాయి. 44 ఏళ్ల వరకు సున్నా, 75 నిండితే ఆరు. నర్సుల పనికీ కొలతలు వచ్చాయి. తొలినాళ్లలో వచ్చినవి చాలావరకు చికిత్సలనూ యంత్రాలనూ లెక్కపెట్టాయి. 2003లో రీస్ మిరాండా అనే పరిశోధకుడి బృందం 15 దేశాల్లోని 99 ఐసీయూలలో నర్సులు నిజంగా ఏ పని మీద ఎంతసేపు ఉంటున్నారో చూసి, నర్సింగ్ యాక్టివిటీస్ స్కోరు తయారుచేసింది. పాత కొలతకు నర్సు సమయంలో నూటికి 43 వంతులే అందితే, దీనికి 81 వంతులు అందాయి. ఇందులో 23 అంశాలుంటాయి. వంద మార్కులంటే ఒక నర్సు పూర్తి సమయం.

ఆ మార్కులు మొదటిసారి చదివిన రోజు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెంటిలేటర్‌కు 1.4. రోగినో బంధువులనో ఓదారుస్తూ ఒక షిఫ్టులో మూడు గంటలకు పైగా అక్కడే ఉండిపోవలసి వస్తే 32. వెంటిలేటర్ ఉంటే పని లేదని కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి మార్కులు విడిగా ఉన్నాయి. మా అవ్వనే తీసుకోండి. పడక పక్కన రెండు గంటలకు పైగా కనిపెట్టుకుని ఉండడానికి 12.1, ఒళ్లు తుడిచి, పక్క మార్చి శుభ్రం చేయడానికి రెండు గంటలు దాటితే 16.5, ఇద్దరు కలిసి పక్కకు తిప్పడానికి 12.4. ఈ మూడే 41. మందులు, పరీక్షలు, రాతపని ఇంకా కలపనే లేదు. అలాంటి వాళ్లు ఇద్దరుంటే ఒక నర్సు అక్కడే సరి.

వయసు పెరిగితే నర్సు పని కూడా పెరుగుతుందా అంటే అధ్యయనాలు ఒకే జవాబు చెప్పవు. కొన్ని అవునన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. నా అనుభవమూ ఒకేలా లేదు. పురుగుల మందు తాగి వచ్చిన పాతికేళ్ల కుర్రవాడికి విరుగుడుగా అట్రోపిన్ పెట్టిన మొదటి రాత్రి ముందు ఏ ముసలివారి పనీ లెక్కలోకి రాదు. కాకపోతే బాగా పెద్దవయసు వారికి డాక్టర్లు యంత్రాలూ తీవ్ర చికిత్సలూ తక్కువగా వాడతారు. అందుకని యంత్రాలను లెక్కపెట్టే కొలతలో వాళ్లు తేలిక కేసులు. చేతులతో చేసే పని చూస్తే మాత్రం కాదు. ఇంకొకటి. కుర్రవాడి పని మూడు నాలుగు రోజులకు తగ్గుముఖం పడుతుంది. అవ్వ పని ఐసీయూలో ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది.

పక్కకు తిప్పడమంటే ఎంత పనో చెప్పాలి. తమంతట తాము ఒత్తిగిల్లలేని వారిని రెండు గంటలకోసారి తిప్పాలని మాకు నర్సింగ్ స్కూల్లోనే నేర్పారు. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ముసలి ఒంటికి ఒక్క రాత్రి చాలు. మా నైట్ డ్యూటీ రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా. ఎనిమిది పడకల్లో ఐదుగురు అలాంటి వారనుకుందాం. ఒక్కొక్కరికి ఆరుసార్లు, మొత్తం ముప్పై. ట్యూబులూ వైర్లూ సర్దుతూ ఇద్దరం కలిసి తిప్పడానికి పది నిమిషాలు. అంటే ఐదు గంటలు. ఆ ఐదు గంటలు మిగతా పడకల దగ్గర ఎవరూ ఉండరు. అందుకే ఏమవుతుందో నేను దాచను. ఆరుసార్లకు బదులు మూడుసార్లే తిప్పుతాం. చార్టులో ఆరుసార్లు రాస్తాం. నేనూ రాశాను.

ఐసీయూలో పడకకు ఒక నర్సు ఉండాలని, సెలవుల కోసం అదనంగా మరికొందరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నేను చేసిన తొమ్మిదేళ్లలో ఆ లెక్కన ఒక్క షిఫ్టూ నడవలేదు. అంతమందిని ఒక్కసారిగా ఇవ్వలేరని నాకూ తెలుసు. తక్కువ మంది ఉంటే ఏమవుతుందో 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో 50 ఏళ్లు పైబడి ఆపరేషన్ చేయించుకున్నవారిని చూస్తే, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగినప్పుడల్లా నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరిగింది. అవి జనరల్ వార్డులు. ఐసీయూ సంగతి మీరే ఊహించండి.

మన రాష్ట్రంలో అరవై దాటినవారు 2021 నాటికే నూటికి 12 మందికి పైగా ఉంటారని కేంద్ర అంచనా. మా జిల్లాలో ఇంకో చిక్కు. పిల్లలు బెంగళూరులో పనికి పోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. వరండాలో కాచుకునేందుకు కొడుకైనా దొరికిన అవ్వ అదృష్టవంతురాలు.

నేను వయసును చూసి నర్సులను ఇవ్వమనడం లేదు. పని కొలిచి ఇవ్వమంటున్నాను. అనంతపురం, కర్నూలు, కడప బోధనాసుపత్రుల ఐసీయూలలో మూడు నెలల పాటు ప్రతి షిఫ్టులో ఈ 23 అంశాల స్కోరు వేయించండి. అయితే ఆ స్కోరు వేసే పనిని కూడా డ్యూటీ నర్సు నెత్తినే పెట్టకండి, అందుకు వేరే మనిషిని పెట్టండి. మూడు నెలలయ్యాక ఆ అంకెలు పెట్టుకుని పోస్టుల గురించి మాట్లాడదాం. ఈలోగా రాత్రిపూట ప్రతి ఐసీయూకు ఒక ఎఫ్.ఎన్.ఓ.ను (మహిళా నర్సింగ్ ఆర్డర్లీని), ఒక ఎం.ఎన్.ఓ.ను (పురుష నర్సింగ్ ఆర్డర్లీని) తప్పనిసరి చేయండి. ఉన్నవాళ్లను ఓపీకీ ఆఫీసు ఫైళ్లకూ తిప్పకుండా ఆపండి. అరవై దాటిన రోగి కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు పడక దగ్గరే ఉంచాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు.

తనిఖీకి వస్తే పగలు రాకండి. పగలు వస్తే కొత్త దుప్పట్లు కనిపిస్తాయి. చెప్పకుండా రాత్రి రెండు గంటలకు రండి. హాజరు పట్టీ అడగకుండా ఏదో ఒక పడక పక్కన స్టూలు వేసుకుని గంటసేపు కూర్చోండి. స్టూలు లేకపోతే మంచం అంచున కూర్చోండి, మేమూ అలాగే కూర్చుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
అనంతపురం