ట్రిగ్గర్ సంగతి తర్వాత, ముందు నా మాట వినేవాళ్లెవరు?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

ఇది మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగింటికీ "మీరు మాకెంతో విలువైనవారు" అని ఒకటే అచ్చు జవాబు. నా విలువ నాలుగుసార్లు తెలిసొచ్చింది. రివాల్వర్ సంగతే ఒక్కసారీ తేలలేదు.

నా బాధ చిన్నదే. డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ (గుండును పేల్చే సుత్తి) ముందే ఎత్తిపెట్టకుండా ఒక్క ట్రిగ్గర్‌తోనే లాగుతుంటే, ట్రిగ్గర్ మధ్యలో గరగరమంటుంది, చివరికొచ్చేసరికి బిగుసుకుంటుంది, గురి కదిలిపోతుంది. హ్యామర్ వెనక్కి లాగిపెట్టి సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఈ నాలుగు ముక్కలు మీవాళ్ల చెవికెక్కడానికి మూడు నెలలు చాల్లేదు.

మొదట ఫోనెత్తినాయన అంతా విని, "మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగండి" అన్నాడు. బాబూ, ఇది రివాల్వర్, పిస్టల్ కాదు, దీనికి స్లైడ్ ఉండదన్నాను. "స్లైడ్ లేదని రాసుకోమంటారా సర్?" అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనడం వినడమే గానీ, చూడటం అదే మొదలు.

రెండోసారి మాట్లాడినావిడ మర్యాదస్తురాలే. గుళ్లు పెట్టే సిలిండర్ ఖాళీగా ఉంచి రోజూ వందసార్లు ట్రిగ్గర్ లాగితే లోపలి భాగాలు రాసుకుని నునుపవుతాయంది. సరేనని స్నాప్ క్యాప్‌లు (ఉత్తుత్తి గుళ్లు) పెట్టి, వేలు కాయ కాసేదాకా లాగాను. పదిహేను రోజులు పోయాక ఇంకొకాయన, "డ్రై ఫైర్ చేశారా, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ లాగారా? అయితే వారంటీ వర్తించకపోవచ్చు" అని చల్లగా చెప్పాడు. మీ ఆవిడే చెప్పిందయ్యా అంటే, ఆ కాల్ మా రికార్డుల్లో లేదన్నాడు. ఫోనెత్తిన ప్రతిసారీ "ఈ సంభాషణ రికార్డు అవుతోంది" అని వినిపిస్తారే, అవన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

నాలుగో ఆయన ట్రిగ్గర్ బిగువును ఫోటో తీసి పంపమన్నాడు. వేలి మీది కాయ ఫోటో పంపాను, నిజంగానే. స్పష్టంగా లేదని తిప్పికొట్టారు.

తుపాకులు బాగుచేసే తెలిసిన గన్‌స్మిత్ తెరిచి సాపు చేస్తానన్నాడు. బయటివాళ్లు తెరిస్తే వారంటీ చెల్లదని మీ కార్డే అంటోంది. మెత్తటి స్ప్రింగ్ వేసుకోమనే సలహాలకూ కొదవలేదు. వేస్తే వేలికి హాయిగానే ఉంటుంది, హ్యామర్ దెబ్బ చాలక గుండు పేలకపోతే? తయారుచేసినవాళ్లే చూడాల్సిన పని అని మీ దగ్గరికొచ్చాను. అదే నేను చేసిన తప్పు.

మా నాన్నగారు 30 ఏళ్లు మీ రివాల్వరే వాడారు. దాని ట్రిగ్గర్ ఇప్పటికీ ఎక్కడా పట్టెయ్యదు. ఆ నమ్మకంతోనే మా షూటింగ్ క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లే, "మీ చుట్టాలు ఫోన్ చేశారా?" అని నన్ను ఆటపట్టిస్తున్నారు.

బాగుచేస్తారో, మార్చిస్తారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. ముందు పిస్టల్‌కూ రివాల్వర్‌కూ తేడా తెలిసిన మనిషి ఒక్కరు నాకు ఫోన్ చేయాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత వకీలు నోటీసు, వినియోగదారుల కోర్టు. ఈ ఐదు ఉత్తరాలూ మీ అచ్చు జవాబులతో సహా క్లబ్బు నోటీసు బోర్డెక్కుతాయి.

ఇట్లు,
మీకెంతో విలువైన కస్టమర్

తా.క.: నాలుగు ఫిర్యాదు నంబర్లూ వెనక రాశాను. నాలుగూ ఒకే రివాల్వర్‌వి. నాలుగు రివాల్వర్లు అనుకుని మళ్లీ మొదటికి రాకండి.